వసుంధర మేడం వద్దనలేదు

కొన్నాళ్ల కింద ఇంటి పన్ను రసీదుకు నకలు తీయించుకోవాల్సి వచ్చి, సిద్దిపేటలో మా పాత ఆఫీసు కింద ఉన్న జిరాక్స్ షాపుకు వెళ్లాను. యంత్రంలోంచి అప్పుడే బయటపడిన కాగితాన్ని షాపతను నా చేతిలో పెట్టాడు. ఆ వెచ్చదనం, కొద్దిగా మాడినట్టుండే ఆ వాసన తగలగానే నా కళ్లు వాటంతటవే పక్కనున్న మెట్ల వైపు తిరిగాయి. మధ్యాహ్నం పూట ఆ వాసన మెట్లెక్కి పైగదిలోకి వచ్చి మా బల్లల మధ్య తిరుగుతుండేది. ఇప్పుడా గదిలో ఎవరో చిట్టీల ఆఫీసు పెట్టుకున్నారు. నా వెనక నిలబడ్డ ఒకాయన కూడా మెట్ల వైపు చూసి, "పైన పిల్లలకు కోర్సులు జెప్పే మేడం ఉండె గదా, ఏమైంది?" అని అడిగాడు. "నిరుడు పోయింది సారూ," అన్నాడు షాపతను. "మంచి మనిషే గని, ఎవలొచ్చినా వద్దనేది. గా కోర్సు వద్దు, గీ కోర్సు వద్దు. గట్లయితె ఎవలొస్తరు చెప్పు?" ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. బస్టాండు దాకా నడిచాక, అసలు రసీదు షాపులోనే మరిచిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లాను, రసీదు తీసుకున్నాను, అప్పుడైనా నోరు తెరవలేదు. ఆ రోజు అక్కడ అనని మాట ఇక్కడ రాస్తున్నాను.

వసుంధర మేడం పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. అక్కతో కలిసి ఉండేవారు. సన్నటి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. అన్నేళ్లు పాఠాలు చెప్పినా మాటలో సిద్దిపేట ఎక్కడికీ పోలేదు. కరోనా తర్వాత మా వైపు పిల్లలందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఫోన్ తెరిస్తే చాలు, కొన్ని నెలల్లో నిన్ను డిజైనర్ని చేస్తాం, ఇంజనీర్ని చేస్తాం అని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండేవారు. ఏది మంచిదో, ఏది ఉత్తదో పిల్లలకూ తెలియదు, పెద్దలకూ తెలియదు. దాన్ని చూసి ఉండబట్టలేకే మేడం ఆ పైగది కిరాయికి తీసుకున్నారు. డిజైన్, ఇంజనీరింగ్ ఆన్‌లైన్ కోర్సులు ఎంచుకోవడానికి సలహా ఇస్తామని బోర్డు పెట్టారు. అప్పటికి నేను గుమాస్తాగా ఉన్న ప్రైవేటు కాలేజీ మూతపడి, పనికోసం తిరుగుతున్నాను. కంప్యూటర్లు చూసుకోవడానికి, దరఖాస్తులు నింపడానికి నన్ను పెట్టుకున్నారు. మొదటిరోజే, "సీనూ, నువ్వు కాలేజీల పనిచేసినవు గదా, పిల్లలను భయపెట్టుడు అలవాటయి ఉంటది. గీడ అది నడ్వది," అన్నారు.

ఆమె కోర్సు ఎంచే పద్ధతి నేను మరెక్కడా చూడలేదు. మిరుదొడ్డి నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఫోన్ ఆమె ముందు పెట్టి, "మేడం, గీ మెషిన్ డిజైన్ కోర్సు సూడున్రి, ఫస్ట్ క్లాసే మస్తుంది," అన్నాడు. మేడం ఫోన్ ముట్టుకోలేదు. "మస్తుగనే ఉంటది. మొదటి పాఠం పెండ్లిచూపుల లెక్క. గోడలకు సున్నమేసి ఉంటది, పిల్ల తలకాయ వంచుకోని ఉంటది, అందరు నవ్వుకుంట మిఠాయి పెడ్తరు. నడిమి పాఠం తియ్యి. కాపురం ఎట్లుందో గప్పుడు ఎరుకైతది," అన్నారు. డబ్బు కట్టందే తెరుచుకోకుండా నడిమి పాఠానికి తాళం వేసి ఉంది. కోర్సు వాళ్లకు ఫోన్ చేయించి, ఒక్క పాఠం తెరిచి చూపించమని పట్టుబట్టారు. అవతలి వాళ్లు వీలుపడదంటే, "తలుపు తియ్యనోని ఇంట్ల పిల్లనిస్తమా?" అని ఫోన్ పెట్టేశారు. కుర్రాడు పకపకా నవ్వాడు. ఇంకో కోర్సు వాళ్లు తెరిచి చూపించారు. మొదటి పాఠంలో హుషారుగా పలకరించిన మాస్టారే, సగానికి వచ్చేసరికి గొంతు నీరసపడి, ఇది మీకు తెలిసిందే కదా అంటూ అసలైన చోటు దాటేస్తున్నాడు. మేడం వీడియో ఆపించి కుర్రాణ్ణి అడిగారు: "ఇప్పుడు నువ్వు గీసింది తప్పయితె, తప్పని చెప్పేటోడెవడు?" మళ్లీ ఆమే చెప్పారు: "ఎవ్వడు లేడు. అయినా నేర్చుకుంటనంటె నేర్చుకో. శనివారం శనివారం గీసిన కాగితాలు పట్టుకొని గీడికి రా. తప్పులు నేను జెప్త."

అలా శనివారాలు ఆ గది నిండిపోయేది. పిల్లలు ఎక్కడెక్కడి మాస్టార్ల పాఠాలో ఫోన్లలో విని, ఇక్కడికొచ్చి ఆమెతో తిట్లు తినేవారు. ఆమె పొరపడని మనిషేమీ కాదు. పాఠంలో సంగీతం వినిపిస్తే చాలు, ఆ కోర్సు మీద నమ్మకం పోయేది. ఒకమ్మాయికి బొమ్మల్ని కదిలించే యానిమేషన్ కోర్సు ఒకటి చాలా నచ్చితే, అందులో వాయిద్యాలు మోగుతున్నాయని కొట్టిపారేశారు. ఆ పిల్ల ఆమె మాట వినకుండా చేరింది, బాగా నేర్చుకుంది. మేడం అందరి ముందూ ఆ పిల్లను నిలబెట్టి, "చూడున్రి, నా మాట ఇనకుంటె ఎంత మంచిగైందో," అన్నారు. కంప్యూటర్ నెమ్మదిగా తెరుచుకుంటే దాన్ని కూడా మనిషిని తిట్టినట్టే తిట్టేవారు.

ఇప్పుడు ఆ 'వద్దు' సంగతి. మా వైపు ఇళ్లలో పిల్లలు, నాకిష్టం లేదు అన్నారంటే అక్కడే పంచాయితీ మొదలవుతుంది. ఎందుకిష్టం లేదు, నీకేం తెలుసు అని నాయిన, మామ, పక్కింటాయన అందరూ కూర్చుంటారు. అదే సారు వద్దన్నాడనో, డాక్టరు వద్దన్నాడనో అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. చదువుకున్న పెద్దమనిషి వద్దంటే ఇంకెవరూ ఎదురడగరు. ఇది మేడంకు బాగా తెలుసు. దుబ్బాక నుంచి చేనేత ఇంటి పిల్లవాడు నరేశ్ ఒకరోజు వచ్చి తల దించుకుని కూర్చున్నాడు. వాడికి మిషన్ల భాగాలు గీయడమంటే ప్రాణం. భివండీలో ఉన్న మేనమామ మాత్రం కంప్యూటర్ భాషల కోర్సు పట్టమని ఒత్తిడి చేస్తున్నాడు. ఆ మామే ఇల్లు నడుపుతున్నాడు కనుక ఎదురు చెప్పడానికి వాడికి నోరు రావడం లేదు.

"నా పేరు జెప్పు," అన్నారు మేడం. "గా కోర్సు మేడం వద్దన్నది, నా బుర్రకు ఎక్కదన్నది అని చెప్పు."

"మీకు చెడ్డపేరొస్తది మేడం."

"నాకేమన్న పెండ్లి సంబంధాలు చూస్తున్రార? వస్తె రానియ్యి. గని ఒక మాట. నా వద్దు నీకు ఉత్తగ ఇస్తలేను, అరువిస్తున్న. ఏడాది తిరిగేలోపు మీ మామకు నువ్వే చెప్పాలె. మేడం వద్దనలే, నేనే వద్దనుకున్న అని. గప్పటికి నీకు నోరొస్తది."

ఆ మామ సెలవు మీద వచ్చినప్పుడు నేరుగా మెట్లెక్కి వచ్చాడు. "మా పోరనికి బుర్ర లేదన్నది నువ్వేనా?" అని గుమ్మంలోంచే అరిచాడు. మేడం తల ఎత్తి, "నేనే. కూసో. ఛాయ్ల చక్కెర ఎంత?" అన్నారు. అతను నిలబడే ఇంకొంచెం అరిచి, తర్వాత కూర్చుని, చివరికి ఛాయ్ తాగి వెళ్లాడు. మెట్లు దిగుతూ మాత్రం కింద జిరాక్స్ షాపులో అందరికీ వినిపించేలా, పిల్లలను ముందుకు పోనియ్యని ఆడది అన్నాడు. అట్లా ఎందరి మేనమామలో, ఎందరి తండ్రులో. ఊళ్లో 'వద్దు మేడం' అన్న పేరు అట్లా పుట్టింది. ఆ వద్దుల్లో ఆమెవి చాలా తక్కువ. తక్కినవన్నీ పిల్లలవి. ఏడాది తిరిగాక ఇంట్లో నిజం చెప్పినవాళ్లు కొందరున్నారు, నరేశ్ కూడా చెప్పాడు. ఎక్కువమంది చెప్పలేదు. కోర్సు పూర్తయింది, పని దొరికింది, ఇంక ఎందుకులే అనుకున్నారు. మేడం ఎవరినీ అడగలేదు.

ఇంతవరకు రాసి ఆపేయవచ్చు. కానీ నేను రాయాల్సింది దీని తర్వాతది.

నా కూతురు శ్రావణి అప్పటికి ఇంటర్ పూర్తి చేసింది. ఆఫీసులో పాడైన కాగితాలు ఇంటికి తెస్తే వాటి వెనక బొమ్మలు గీసేది. పూలూ పిట్టలూ కాదు. కూరగాయల మూటతో ఎక్కే ముసలమ్మకు బస్సులో సీటు ఎట్లా ఉండాలి, రేషన్ షాపు ముందు నిలబడే వాళ్లకు నీడ ఎట్లా వేయాలి, నీళ్ల క్యాను ఒంటిచేత్తో వంచాలంటే దాని కింద స్టాండు ఎట్లా ఉండాలి, ఇట్లాంటివి. వస్తువుల డిజైన్ నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి వెతుక్కుంది. నేను ఇంట్లో చెప్పిన మాటలు విని, ముందు నడిమి పాఠమే చూసింది. మా బామ్మర్ది మాత్రం ఇళ్ల ప్లాన్లు గీసే సివిల్ కోర్సు చేయించమన్నాడు. సిద్దిపేట చుట్టూ ఎక్కడ చూసినా ఇళ్లు లేస్తున్నాయి, పిల్లకు పని ఖాయం అన్నాడు. నాకూ అదే భద్రంగా తోచింది. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న నెలలు నాలో ఇంకా చల్లారలేదు. బస్సు సీటు బొమ్మలకు జీతం ఎవరిస్తారని లోపల భయం. ఆ భయం బయటికి చెప్పుకోవడానికి నామోషీ.

"మేడంకు నా బొమ్మలు చూపియ్యి బాపు. ఆమె ముందల కూసోవాలంటె నాకు భయమైతది. ఆమె ఏమంటె అది చేస్త," అంది శ్రావణి. బొమ్మలు నేనొక్కణ్ణే తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే మేడం వద్దంటారనే ఆశతోనే తీసుకెళ్లాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో కాగితం తిప్పుతూ చాలాసేపు చూశారు. సాధారణంగా తప్పులు వెతికే ఎర్ర పెన్సిలు బల్ల మీదే ఉండిపోయింది. బస్సు సీటు బొమ్మ పక్కకు తీసి పెట్టి, దాని మీద చెయ్యి ఉంచి మాట్లాడటం మొదలుపెట్టారు. మొదటి మాటల్లోనే అర్థమైంది, ఆమె వద్దనబోవడం లేదని. ఇంక ఇంట్లో ఏం చెప్పాలా అన్న ఆలోచనలో పడ్డాను. ఆమె చెబుతూనే ఉన్నారు. నేను తల ఊపుతూనే ఉన్నాను. చివరికి కాగితాలు నా చేతికిస్తూ, "గిదే కోర్సుల చేర్పియ్యి. శనివారం రమ్మను, నేను కొరుకుతనా ఏంది?" అని నవ్వారు.

సాయంత్రం శ్రావణి గుమ్మంలోనే నిలబడి ఉంది. "మేడం ఏమన్నది బాపు?"

"వద్దన్నది బిడ్డా," అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. "ఎందుకంట?" అని మాత్రం అడిగింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "గీతలు మంచిగనే ఉన్నయంట గని, డిజైన్‌కు సరిపోవంట," అని కలిపాను. ఈ మాట నేను ఎక్కడి నుంచి తెచ్చానో నాకే తెలియదు. శ్రావణి కాగితాలు తీసుకుని లోపలికి వెళ్లింది. మరుసటి వారమే సివిల్ కోర్సులో చేరింది. బుద్ధిగా నేర్చుకుంది. పాడైన కాగితాలు నేను మాత్రం తెస్తూనే ఉన్నాను, కొన్నాళ్లకు అవి మా ఇంట్లో పాలగిన్నెల మీద మూతలయ్యాయి.

మేడం అప్పుడప్పుడు అడిగేవారు, శ్రావణి కోర్సు ఎందాక వచ్చిందని. నడుస్తోందని చెప్పేవాణ్ణి. శనివారాలు ఎందుకు రావడం లేదంటే, వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదనో, చుట్టాలొచ్చారనో చెప్పేవాణ్ణి. ఒకరోజు మేడం కూరగాయల సంచితో మెట్లెక్కి వచ్చి, సంచి కింద పెట్టి కూర్చున్నారు. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"రైతుబజార్ల నీ బిడ్డ కనవడ్డది," అన్నారు. "నన్ను జూసి, మొఖం తిప్పుకోని పక్క గల్లీలకు మల్లింది. నేనేం జేసిన సీనూ?"

నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

"నా వద్దు నువ్వు గూడ వాడుకున్నవా?"

తల దించుకుని, గీతలు సరిపోవన్నారని చెప్పి సివిల్‌లో చేర్పించానని ఒప్పుకున్నాను. ఆమె అరుస్తారనుకున్నాను. గొంతు తగ్గించి మాట్లాడటం అప్పుడే మొదటిసారి విన్నాను. "నోరు లేనోళ్లకని ఇచ్చిన ఆ వద్దు. ఇంట్ల నీకు నోరుండె గదా. నాకు భయమైతుంది బిడ్డా, నువ్వు సివిల్ చెయ్యి అంటె అయిపోతుండె. పిల్ల కోపం నీ మీద ఉంటుండె, నాలుగు దినాలకు పోతుండె. ఇప్పుడు ఆ పిల్ల కోపం నా మీద గూడ లేదు, తన చెయ్యి మీద ఉన్నది." సంచి దగ్గరికి లాక్కుని, "నేను పోయి చెప్తె నువ్వు అబద్ధాలోనివి అయితవు. బాపు అబద్ధమాడిండని పిల్లకు నా నోటితోని చెప్ప. చెప్పుడు నీ పని," అన్నారు. సంచిలోంచి చిక్కుడుకాయలు తీసి ఈనెలు తీయడం మొదలుపెట్టారు. నన్ను పని మానేయమనలేదు. జీతం, ఛాయ్, పలకరింపు ఏవీ మారలేదు.

మారింది వేరే. కొన్ని రోజులకు జగదేవ్‌పూర్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇంట్లో వాళ్లు వేరే కోర్సు అంటున్నారని, మీ పేరు చెప్పుకుంటానని అడిగింది. మేడం ఒక్కసారి నా వైపు చూశారు. "వద్దమ్మా, నా పేరు అరువిచ్చుడు బంద్ జేసిన. నీ మాట నువ్వే జెప్పు. నేనొచ్చి పక్కన కూసుంట," అన్నారు. అప్పటికే ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయినా బస్సెక్కి జగదేవ్‌పూర్ వెళ్లి, ఆ పిల్ల తండ్రితో మాట్లాడినంతసేపూ వాకిట్లో మంచం మీద పక్కన కూర్చుని వచ్చారు. ఆ తర్వాత ఎన్ని ఊళ్లకు అట్లా వెళ్లారో. పిల్లలు ఒక్క మాటతో ఇంట్లో తేల్చుకునే పనికి ఆమె బస్సుల్లో నిలబడి తిరగాల్సి వచ్చింది. వెళ్లలేని చోట్ల పిల్లలు ఇంటివాళ్లు చెప్పిందే చేశారు. శనివారాలు గది పలచబడింది. ఆరోగ్యం పాడయ్యాక గది ఖాళీ చేశారు. దవాఖానలో చూడటానికి వెళ్లినప్పుడు నన్ను చూసి, "చెప్పినవా?" అన్నారు. "చెప్త మేడం," అన్నాను. ఆమె తల ఊపి, అక్క తెచ్చిన జావ తానింకా తాగలేదంటూ మాట మార్చారు. నేను చెప్పకముందే ఆమె వెళ్లిపోయారు.

జిరాక్స్ షాపు నుంచి ఆ రోజు ఇంటికి వెళ్లలేదు. శ్రావణి పనిచేసే ఇళ్ల ప్లాన్ల ఆఫీసుకు వెళ్లాను. మధ్యాహ్నం అన్నం టైము. బల్ల మీద చుట్టిన ప్లాన్లు పక్కకు జరిపి నాకు కుర్చీ వేసింది. తన డబ్బాలో అన్నం మూతలో పెట్టి ఇచ్చింది. నేను తినకుండానే మొత్తం చెప్పాను. భయపడ్డానని చెప్పాను. మేడం వద్దనలేదని చెప్పాను. గీతలు సరిపోవన్న మాట నాదని చెప్పాను. తిడుతుందనుకున్నాను, లేదా లేచి వెళ్లిపోతుందనుకున్నాను. శ్రావణి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, నా మొహం వైపు కాకుండా కిటికీ వైపు చూసింది.

"మరి మేడం ఏమన్నది?" అంది.

"మంచిగున్నయి, చేర్పియ్యి అన్నది."

"గట్ల కాదు. చానాసేపు చూసిందన్నవు గదా. ఏమన్నదో సరిగ్గ చెప్పు. ఆమె మాటల్లనే చెప్పు."

గుర్తు చేసుకున్నాను. బస్సు సీటు బొమ్మ మీద ఆమె చెయ్యి, కిందికి జారిన కళ్లద్దాలు. "ఈ పిల్ల వస్తువును చూస్తలేదు సీనూ, దాని మీద కూసునే మనిషిని చూస్తుంది అన్నది," అన్నాను. "అందుకే..."

"అందుకే?"

శ్రావణి ముందుకు వంగింది. ఇప్పుడు నా మొహంలోకే చూస్తోంది. చిన్నప్పుడు నేను బస్సు దిగి వస్తుంటే నా చేతిసంచి వైపు అట్లా చూసేది. నేను ఎంత వెతికినా ఆ తర్వాతి మాట దొరకలేదు. ఆ సమయంలో నేను ఇంట్లో చెప్పబోయే అబద్ధాన్ని కూర్చుకుంటున్నాను.

"ఇనలే బిడ్డా," అన్నాను. "ఆమె చెప్పింది. నేను ఇనలే."

శ్రావణి వెనక్కి జరిగింది. "అన్నం తిను బాపు, సల్లగైతది," అని తన డబ్బా మూసేసి, ఎవరో పిలిస్తే లేచి వెళ్లింది.

తర్వాత నేను నరేశ్‌ను అడిగాను. మేడం అక్కను అడిగాను. ఎవరికీ ఆమె శ్రావణి బొమ్మల గురించి ఏమీ చెప్పలేదు. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే, అదీ సగం. జిరాక్స్ షాపుకు కూడా వెళ్లి, ఆ వద్దులు చాలావరకు ఆమెవి కావని, పిల్లలవని షాపతనికి చెప్పాను. అట్లనా సారూ అన్నాడు, పనిలో పడిపోయాడు. ఊరి సంగతి అట్లా ఎంతో కొంత తీరుతుంది. ఇంటి సంగతి తీరలేదు. శ్రావణి సాయంత్రం బండి దిగి, చెప్పులు విప్పుతూ, నల్లా నీళ్లొచ్చినయా అని అడిగినంత మామూలుగా అడుగుతుంది: "ఏమన్న యాదికొచ్చిందా బాపు?"

లేదు బిడ్డా అంటాను. ఆమె లోపలికి వెళ్లాక కళ్లు మూసుకుని మళ్లీ ఆ బల్ల ముందు నిలబడతాను. వసుంధర మేడం బొమ్మ మీద చెయ్యి పెట్టి, అందుకే అంటారు. ఆ తర్వాత ఆమె పెదవులు చాలాసేపు కదులుతూనే ఉంటాయి. ఎదురుగా నేను తల ఊపుతూనే ఉంటాను.